సున్నా పేజీ

ముసలయ్య అబద్ధపు అంకెలు రాస్తున్నాడని ఇద్రీస్ శనివారం నాడే ఫ్యాక్స్ చేసేశాడు. ఆ మాటలతో కాదు, మర్యాదగానే రాశాడు. ‘యంత్రంలో లోపం కనబడలేదు. రిజిస్టరులోని అంకెలను యంత్రం ధ్రువీకరించడం లేదు.’ రెండే వాక్యాలు. మంగళవారం నీటిపారుదల సెక్షన్ ఆఫీసులో విచారణ. ఆ రెండు వాక్యాలను ముందు పెట్టుకుని, పంతొమ్మిదేళ్లుగా మద్దివాగు నీటిమట్టం చదువుతున్న మనిషిని పనిలో ఉంచాలా తీసెయ్యాలా అని తేలుస్తారు.

పాల్వంచ దాటాక భద్రాచలం పోయే రోడ్డు వదిలి, ఎడమ చేతి మట్టిదారిలో నాలుగు మైళ్లు లోపలికి పోతే మద్దివాగు వస్తుంది. వంతెన లేదు, చప్టా ఉంది. వాగు వట్టిగా ఉన్నప్పుడు ఎడ్లబండ్లూ జీపులూ చప్టా మీది నుంచే దాటుతాయి. పైన గుట్టల్లో వాన పడితే గంటలో నిండుతుంది, మూడు గంటల్లో పొంగు దిగిపోతుంది. చెప్పి రాని చుట్టంలాంటి వాగు. చప్టా పక్కన నీళ్లలో అడుగుల గీతలూ, అడుగుకు పది చిన్న గీతలూ గీసిన గేజీ రాయి నిలబెట్టి ఉంది. గంట గంటకూ దిగి ఆ రాయి మీద నీళ్లెంతవరకు వచ్చాయో చూసి రిజిస్టరులో రాయడం ముసలయ్య పని. రోజుకూలీ మీద ఉన్న మనిషి.

రెండు వేల ఏడు జూలైలో ఆ గట్టు మీద ఇద్రీస్ ఒక ఇనుప పెట్టె బిగించాడు. నీళ్లలోకి దించిన గొట్టం చివర సెన్సార్, పెట్టెకు అరచేతంత తెర, పొడుగాటి వెదురుకు కట్టిన ఏరియల్. పావుగంటకోసారి సెన్సార్ నీటిమట్టం కొలుస్తుంది. గంటకోసారి ఆ అంకె ఆఫీసు ఫోనుకు మెసేజ్‌గా పోతుంది. ప్రతి సోమవారం బ్యాటరీ మార్చాలి. మార్చినప్పుడల్లా పెట్టె ఆ వారానికి కొత్త ఫైలు తెరుస్తుంది. మొదటి మూడు సోమవారాలు ఇద్రీసే వచ్చి మార్చాడు. ఆ మూడు వారాలూ పెట్టె అంకె, రిజిస్టరు అంకె అన్నదమ్ముల్లా కలిసి నడిచాయి. తర్వాత మూడు వారాలు ముసలయ్య మార్చాడు. ఆ మూడు వారాలూ పెట్టె నుంచి సున్నాలు వచ్చాయి. రిజిస్టరులో మాత్రం నాలుగడుగులు, ఏడడుగులు, ఒకరోజు తొమ్మిదడుగులు.

పెట్టె ఇంజనీరు ఇద్రీస్ వచ్చినప్పుడు రెండూ కలుస్తున్నాయి, రానప్పుడు కలవడం లేదు. ఆఫీసులో దీనికి ఒకటే అర్థం తోచింది. గేజీ చదివే మనిషి ఇంట్లో కూర్చుని రాస్తున్నాడని. ఊళ్లోవాళ్లు వాగొచ్చిన మాట నిజమేనన్నారట. వాళ్లంతా అతని చుట్టాలే కదా అని ఆఫీసు ఆ మాటను పక్కన పెట్టింది. ఆఫీసులోని అసిస్టెంట్ ఇంజనీర్ మేడం ఇద్రీస్‌ను అడిగినప్పుడు అతను ఇంకో మాట కూడా కలిపాడు. “ముందే రాసుకుంటడు మేడం. నేను కళ్లారా చూసిన.”

అది అబద్ధం కాదు. పెట్టె బిగించడానికి వెళ్లిన మొదటి రోజున ముసలయ్య గుడిసె అరుగు మీద తెరిచి ఉన్న రిజిస్టరు పక్క నుంచి పోతూ చూశాడు. అప్పుడు టైము మూడు. నాలుగు గంటల గడిలో అంకె పడి ఉంది. ఇద్రీస్ ఆగలేదు, అడగలేదు. లోపల ఒక తలుపు మూసుకున్నట్టయింది, అంతే. ఆ తర్వాత ముసలయ్య ఎన్నిసార్లు ఎదురొచ్చినా ఇద్రీస్‌కు కనిపించింది నాలుగు గంటల గడి.

ఇద్రీస్‌కు ముప్పై ఒకటి. ఖమ్మం కమాన్‌బజార్‌లో అన్న రెహమాన్ గడియారాలు బాగుచేసే దుకాణం నడుపుతాడు. దుకాణం పైన ఒక గది ఇద్రీస్‌ది. ఈ పెట్టెలు తయారుచేసే హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి ఆ గదిలోంచే పని చేస్తాడు. మనుషులతో గడపడం అతనికి అలవాటు లేదు. అలవాటు లేకపోవడం వల్ల నష్టం జరిగినట్టు కూడా ఎప్పుడూ తోచలేదు.

ఆదివారం కిందికి దిగితే రెహమాన్ ఒక చేతి గడియారం విప్పి కూర్చున్నాడు. అన్నదమ్ములు ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు, దుకాణంలో తెలుగు.

“ఇది నిన్ననే బాగు చేసినవ్ గదా భాయ్. మళ్లెందుకు విప్పినవ్?”

“నిన్న బాగైంది. ఇయ్యాల ఎట్లుందో నిన్నెట్ల తెలుస్తది?”

“ప్రతిదీ గిట్ల రెండుసార్లు విప్పితే దుకాణం నడిచినట్టే.”

“ముప్పై ఏండ్ల సంది నడుస్తనే ఉంది. నీ పెట్టె సంగతి నువ్వు చూస్కో. ఒక్కసారి మూత పెట్టినవంటే మళ్ల తియ్యవు నువ్వు. చిన్నప్పుడు టిఫిన్ డబ్బా గూడ గట్లనే, సాయంత్రం దాక.”

ఇద్రీస్ నవ్వాడు. అన్న మాట తగల్లేదు. తగలలేదన్న సంగతి మాత్రం గుర్తుంది.

సోమవారం ఆ వారం బ్యాటరీ తానే మార్చి, పాత వారాల మెమొరీని కూడా విచారణకు తెద్దామని బయలుదేరాడు. అవసరం లేదు. మెసేజ్‌లన్నీ ఆఫీసులో ఉన్నాయి. కాగితానికి ఒక అనుబంధం ఉంటే బాగుంటుందనిపించింది. కొత్తగూడెం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకోటి, మట్టిదారి మొదట్లో దిగి ఆటో. రాత్రి గుట్టల్లో వాన పడ్డట్టుంది. చప్టా మీద నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. ఆటోవాడు ఇవతలే దింపేశాడు. గుడిసె కూడా ఇవతలే.

ముసలయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని పెట్టె మూత తీస్తున్నాడు. యాభై ఏడేళ్లుంటాయి. పొట్టి మనిషి, మోకాళ్ల దాకా బురద. చూసి లేచి నిలబడ్డాడు కానీ చెయ్యి మూత మీదే ఉంది.

“సారూ, వస్తున్నరని చెప్పలే.”

“నేను మారుస్తలే పెద్దయ్యా, ఇటు ఇయ్యి.”

“రేపు తీసేస్తరో ఏమో. ఇయ్యాల సోమారం నాదే గదా. నన్ను జెయ్యనియ్యిండ్రి.”

గొంతులో బతిమాలడం లేదు, కోపం కూడా లేదు. ఇద్రీస్ వెనక్కి జరిగాడు. గుడిసెలోంచి ముసలయ్య భార్య కన్నమ్మ రెండు గ్లాసుల్లో నల్ల చాయ తెచ్చి, ఒకటి ఇద్రీస్ చేతికిచ్చి, రెండోది తనే తాగుతూ నిలబడింది.

“ఆయనకు?” అన్నాడు ఇద్రీస్.

“పెట్టె పూజ గానియ్యి, అప్పుడు తాగుతడు,” అంది కన్నమ్మ. “పెండ్లినాడు నా ముఖం సూసెతందుకు సిగ్గుపడ్డడు. ఇనుప పెట్టె ముఖం మాత్రం వారానికోసారి సూస్తడు.”

ముసలయ్య వినిపించుకోలేదు. పాత బ్యాటరీ తీసి కొత్తది పెట్టాడు. సెన్సార్ వైరు ఇంకా కింద వేలాడుతూనే ఉంది. ముందుగా తెర మీట వేశాడు. తెర వెలిగింది. చేతులు లుంగీకి తుడుచుకుని, రెండు చేతులూ జోడించి, తెరను కాసేపు నిదానంగా చూశాడు. తెర మీద సున్నా. అప్పుడు వంగి సెన్సార్ వైరు తగిలించి మూత వేశాడు.

ఇద్రీస్ రాతి వైపు చూశాడు. నీళ్లు ఆరడుగుల గీత దాటి ఉన్నాయి. తెర వైపు చూశాడు. సున్నా. ఇంకా పావుగంట కాలేదు కదా అనుకున్నాడు. పావుగంట ఆగాడు. సెన్సార్ కొలిచినప్పుడు మెరిసే చిన్న ఎర్ర లైటు మెరిసింది. తెర మీద సున్నా అలాగే ఉంది. ఇంకో పావుగంట గడిచింది. సున్నా.

ఆ అరగంటలో తన మనసు చేసిన పనిని ఇద్రీస్ తర్వాత చాలాసార్లు తిరగేశాడు. నీళ్లు కళ్ల ముందు పారుతున్నాయి, చప్పుడు వినబడుతోంది. అయినా అతను మొదట అనుకున్నది గేజీ రాయి ఒరిగిపోయి ఉంటుందని. తర్వాత, ఇది మెరక నుంచి అడ్డంగా వచ్చే నీరై ఉంటుందని, గొట్టం దగ్గర లోతు లేదేమోనని. వాగు అబద్ధమనడానికి కారణాలు ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి నిలబడ్డాయి. పెట్టె అబద్ధమన్న మాట అన్నిటికన్నా చివర వచ్చింది.

“పోయిన మూడు వారాలు గూడ గిట్లనేనా?”

“గిట్లనే. ఫోన్ల జెప్పిన మేడంకు. మేడం మిమ్మల్ని అడిగితే మీరు సూసినప్పుడు మంచిగనే ఉందన్నరంట.”

“మరి నువ్వు సున్నా రాయలేదేంది?”

“పెట్టె సున్నా అంటే నేను గూడ సున్నా రాయాల్నా సారూ? నన్ను బెట్టింది వాగును సూసెతందుకు.”

కన్నమ్మ కోయభాషలో ఏదో అంది. ముసలయ్య కూడా ఆ భాషలోనే చిన్నగా జవాబిచ్చాడు. ఇద్రీస్‌కు అర్థం కాలేదు. తన గురించేనని మాత్రం తెలిసింది.

ల్యాప్‌టాప్ తీసి అరుగు మీద పెట్టి, కేబులు తగిలించాడు. తెరకు పోయే ప్రోగ్రామును అడగకుండా, నేరుగా మెమొరీలో ఉన్నదేమిటో తీశాడు. పాత వారాల ఫైళ్లన్నీ ఉన్నాయి. వారానికి ఒక పేజీ. మెసేజ్‌లు వస్తున్నాయి కదా అని వాటిని ఎవరూ తెరవలేదు, అతను కూడా తెరవలేదు. నాలుగో వారం తెరిచాడు. సున్నాలు లేవు. 4.1, 4.4, 3.9. ఐదో వారం, 7.2. ఆరో వారం గురువారం పొద్దున పదింటికి 9.1. ఇప్పటి వారం తెరిచాడు. రెండు అంకెలు ఉన్నాయి, 6.3, 6.3.

“రిజిస్టరు ఇయ్యి పెద్దయ్యా.”

ముసలయ్య తెచ్చిచ్చాడు. గురువారం పది గంటల గడి. తొమ్మిది మీద ఒక గీత. ఇద్రీస్ వేలు పెట్టుకుని గడి గడికీ సరిచూశాడు. ఒక గీత అటూ ఇటూగా అన్నీ కలిశాయి. పెట్టెకు తెలుసు. మూడు వారాలుగా లోపల సరిగ్గానే రాసుకుంటోంది. చూపించే ప్రోగ్రాం ఒక్కటే చూడలేదు.

వేలు కింద ఇంకొకటి కనబడింది. ప్రతి సిరా అంకె కిందా లేతగా పెన్సిలు అంకె ఉంది. కొన్ని చోట్ల రెండూ ఒకటే. కొన్ని చోట్ల వేరు.

“ఈ పెన్సిలేంది?”

ముసలయ్య మొదటిసారి కొంచెం మొహమాటపడ్డాడు. “అది నా పిచ్చి. పైన మబ్బెట్లుంది, నీళ్ల రంగేంది, ఆకు గొట్టుకొస్తుందా, కట్టె గొట్టుకొస్తుందా, అది సూసి వచ్చే గంటకు ఎంతుంటదో ముందుగాల పెన్సిల్‌తోని అనుకుంట. గంటకు దిగి సూసొచ్చి పెన్నుతోని రాస్త. ఎంత తప్పిన్నో తెలుస్తది గదా. ఆఫీసోళ్లు అడగలే, నేను జెప్పలే.”

“పంతొమ్మిదేండ్ల సంది తప్పుతనే ఉన్నడు,” అంది కన్నమ్మ.

“ఇప్పుడు తక్కువ తప్పుతున్న,” అన్నాడు ముసలయ్య.

నాలుగు గంటల గడి. మూడింటికి. ఇద్రీస్ రిజిస్టరు మూశాడు, మళ్లీ తెరిచాడు. మొదటి వారం, తను వచ్చిన రోజు. నాలుగు గంటల గడిలో పెన్సిలుతో 2.5, దాని మీద సిరాతో 2.2. ఆ రోజు రెండడుగులు దగ్గరికి జరిగి చూసి ఉంటే పెన్సిలని తెలిసేది. సిగ్గు వెంటనే రాలేదు. ముందు వచ్చింది ఒక చిరాకు, ఈ మనిషి ముందే ఎందుకు చెప్పలేదని. ఆ చిరాకు ఎంత అన్యాయమైనదో చూస్తూ కాసేపు కూర్చున్నాడు. తర్వాత పని మొదలుపెట్టాడు.

పెట్టెలో రెండు ప్రోగ్రాములు నడుస్తాయి. ఒకటి సెన్సార్ చెప్పింది రాస్తుంది. రెండోది దాన్ని చదివి తెర మీద చూపిస్తుంది, మెసేజ్ పంపుతుంది. రాసేవాడూ చదివేవాడూ అనుకుంటే, ఇద్దరూ ఒకే పేజీని ముందు పెట్టుకుంటారు. ఒక ప్రోగ్రాం ఒక చోటును మొదటిసారి తాకినప్పుడు, అక్కడికి దారి ఇంకా వేసి ఉండదు కనుక ప్రాసెసర్ ఆగి ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలుస్తుంది. దాన్ని పేజీ ఫాల్ట్ అంటారు. మామూలు కంప్యూటర్లలో అప్పుడు డిస్కులోని పేజీకి మెమొరీలో నకలు తీసి ఆ నకలును ముందు పెడతారు. ఈ పెట్టెలో నకలు లేదు. నిల్వ ఉన్నదే మెమొరీలో, బ్యాటరీ తీసినా చెరగని మెమొరీలో. కనుక అసలు పేజీనే నేరుగా ప్రోగ్రాం ముందు పెట్టాలి. పెట్టాక ఆ ప్రోగ్రాం ఇక పిలవదు, అడగదు. ఎన్నిసార్లైనా ఆ దారినే చూసుకుంటుంది. పెట్టె చురుకుగా ఉండడానికి, వారానికి ఒక్క బ్యాటరీతో నడవడానికి అదే కారణం. ఈ పిలుపులకు జవాబు చెప్పే భాగం ఇద్రీస్ స్వయంగా రాసుకున్నది. ఆర్నెల్ల పని, కొంత గర్వం.

కొత్త వారం ఫైలులో ఇంకా ఎవరూ ఏమీ రాయకముందు నిల్వలో దానికి చోటే ఉండదు. అప్పుడు ఎవరైనా చదవబోతే? ఖాళీని చూపించడానికి పెట్టె మొత్తానికి ఒకే ఒక సున్నా పేజీ ఉంచాడు. అది ముందు పెట్టి పంపేస్తాడు. తర్వాత సెన్సార్ రాయబోయినప్పుడు మళ్లీ ఫాల్ట్ వస్తుంది, అసలు చోటు కేటాయిస్తాడు, రాసేవాడి ముందు దాన్ని పెడతాడు. సరిగ్గా అక్కడ అతను ఒకటి వదిలేశాడు. అంతకుముందు సున్నా పేజీ తీసుకుపోయిన చదివేవాడి దగ్గరికి పోయి, దాన్ని వెనక్కి లాక్కోవాలి. లాక్కుంటే వాడు మళ్లీ తాకినప్పుడు మళ్లీ ఫాల్ట్ వస్తుంది, ఈసారి అసలు పేజీ దొరుకుతుంది. లాక్కోకపోతే వారమంతా వాడు సున్నానే చూస్తుంటాడు. పక్కనే నిండుతున్న పేజీ ఉందని వాడికి తెలిసే దారి లేదు. వాడికి సందేహం రాదు, ఎందుకంటే వాడికి జవాబు దొరికింది.

ఖమ్మంలో బల్ల మీద ఇద్రీస్ వందసార్లు పరీక్షించాడు. ప్రతిసారీ ముందు సెన్సార్ తగిలించాడు, తర్వాత తెర వేశాడు. సెన్సార్ మొదట రాస్తే ఖాళీ అన్నదే ఉండదు. అతని చేతులకు ఇంకో క్రమం తెలియదు.

“పెద్దయ్యా, తెర ముందు వేస్తవేంది? వైరు తగిలించినంక వెయ్యొచ్చు గదా.”

“ముఖం సూడకుండ పని జెప్తమా సారూ? మా ఇండ్లల్ల కొత్త ఎద్దు వచ్చినా, కొత్త గొడ్డలి వచ్చినా, ముందుగాల కండ్లార సూసి దండం బెట్టినంకనే చేతులకు దీసుకుంటం. వట్టి చేతులతోని ఉన్నప్పుడు సూడాలె. పని మొదలైనంక సూస్తే పని కనబడ్తది, అది కనబడది.” పెట్టె వైపు చూసి అడిగాడు. “అందుకే చెడిందా?”

“లేదు,” అన్నాడు ఇద్రీస్. తర్వాత, “అవ్, అందుకే బయటపడ్డది,” అన్నాడు. “తప్పు నీ దండంల లేదు. చూపించేటోడు, ఇంకా ఎవరూ రాయకముందు వచ్చి చూసిండు. ఖాళీ ఉంది. ఖాళీ అని మనసుల పెట్టుకుండు. తర్వాత పక్కోడు రాసిండు. వీడికి ఆ సంగతి ఎవరూ చెప్పలే.”

“ఒకసారి సూసి సాలనుకుండు.”

“అవ్.”

“మల్ల సూడమని చెప్పేటోళ్లు లేరా ఆ పెట్టెల?”

“ఉండాలె. నేను పెట్టలేదు.”

ముసలయ్య తలూపాడు. కన్నమ్మ వచ్చి ఖాళీ గ్లాసు తీసుకుంది. “ఇంకో చాయ దాగు సారూ. ఈయన పని పోయినా చాయపత్తి ఉంది.”

మధ్యాహ్నం దాకా అరుగు మీదే కూర్చుని రాశాడు. పదిహేను వరసలు కూడా లేవు. రాసేవాడికి అసలు పేజీ కేటాయించగానే, ఆ ఫైలును ముందు పెట్టుకున్న ప్రతి ప్రోగ్రాం దగ్గరికీ పోయి, ఆ చోట సున్నా పేజీ ఉంటే దారి తెంపేసి రావాలి. నడిపి చూస్తే పనిచేసింది. కానీ రెండోసారి చదివినప్పుడు ఇంకో సందు కనబడింది. చదివేవాడు ఖాళీయేనా అని అడిగి, సున్నా పేజీ ముందు పెట్టుకునే లోపల, సరిగ్గా ఆ రెప్పపాటులో రాసేవాడు వచ్చి పోతే? తెంపడానికి వచ్చినప్పుడు తెంపడానికి ఏమీ ఉండదు, ఆ తర్వాత సున్నా వచ్చి కూర్చుంటుంది. అందుకని ఒక గుర్తు అంకె పెట్టాడు. ఎవరైనా కొత్త చోటు కేటాయిస్తే ఆ అంకె మారుతుంది. సున్నా పేజీ పెట్టే ముందు ఆ అంకె చూసుకోవాలి, పెట్టాక మళ్లీ చూడాలి. మారి ఉంటే పెట్టింది తీసేసి మొదటి నుంచి అడగాలి. మామూలుగా అయితే రెండోసారి చదివేవాడు కాదు.

ఒక ఖాళీ ఫైలు తెరిచి, ముసలయ్య క్రమంలోనే, ముందు తెర, తర్వాత వైరు. సున్నా వెలిగింది. లైటు మెరిసింది. 5.8. పావుగంట ఆగకుండా ల్యాప్‌టాప్ నుంచే సెన్సార్‌ను కొలవమంటూ ఇరవైసార్లు చేశాడు. ముసలయ్య ఈ తతంగాన్ని కాసేపు చూసి, గంట కావడంతో రాతి దగ్గరికి దిగిపోయాడు.

మంగళవారం సెక్షన్ ఆఫీసులో, విచారణ అనుకున్నది ఒక బల్ల, మూడు కుర్చీలు. అసిస్టెంట్ ఇంజనీర్ ప్రమీలారాణి ముందు ఫ్యాక్స్ కాగితం ఉంది. ముసలయ్యను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. కిటికీలోంచి అతని మెడ వెనక భాగం, చెవులూ కనబడుతున్నాయి.

ఇద్రీస్ చెప్పాల్సింది చెప్పాడు. పాత వారాల అంకెలు ముద్రించిన కాగితం రిజిస్టరు పక్కన పెట్టాడు. ఆమె రెండింటినీ గడి గడికీ చూసింది. తొందరపడలేదు.

“ముందే రాసుకుంటాడని చెప్పారు కదా మీరు?”

“చెప్పిన. అది పెన్సిల్. ముందు అంచనా వేసుకుంటడు, చూసొచ్చి పెన్నుతో రాస్తడు. నేను దగ్గరికి పోయి చూడకుండ చెప్పిన.”

ఆమె రిజిస్టరు వెలుతురు వైపు వంచి పెన్సిలు చూసింది. తర్వాత సొరుగులోంచి ఇంగ్లిష్‌లో ఉన్న చిన్న పుస్తకం తీసింది. పెట్టెతో పాటు కంపెనీ ఇచ్చిన పుస్తకం, ఇద్రీస్ రాసిందే.

“ఇద్రీస్ గారూ, నాలుగో పేజీ. ఒకటి, సెన్సార్ తగిలించాలి. రెండు, తెర వెయ్యాలి. ఇతను తలకిందులు చేశాడు. నేను అది రాసుకుంటే సరిపోతుంది. మనిషికి ఒక హెచ్చరిక, పని పోదు. మీ మిషన్‌కు మచ్చ ఉండదు. యంత్రంలోనే లోపం అని మీరు రాసిస్తే పై ఆఫీసులో మిగతా పన్నెండు చోట్ల ఈ మిషన్లు పెట్టడం ఆపేస్తారు. అది మీకు తెలుసు కదా.”

తెలుసు. ఆమె మాటలో కుట్ర లేదు, ఒక రకమైన దయ కూడా ఉంది. పుస్తకంలో ఉన్నదీ నిజమే. ఆ వాక్యం రాయడం ఎంత సులువో ఇద్రీస్‌కు కనబడింది. ‘వాడుకలో క్రమం తప్పడం వల్ల.’ అబద్ధం అందులో ఎక్కడా లేదు. శనివారం నాటి రెండు వాక్యాల్లోనూ అబద్ధం లేదు. కిటికీలో ముసలయ్య చెవి మీద ఈగ వాలింది. అతను తోలుకోలేదు.

“ఆ హెచ్చరిక ఫైలులో ఉంటదా మేడం?”

“ఉంటుంది.”

“రేపు ఇంకొకరు ఆ ఫైలు తెరిస్తే ముందు అదే చూస్తరు గదా.”

ఆమె పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. ఇద్రీస్ తెల్లకాగితం అడిగి తీసుకుని రాశాడు. తెర ముందు వేసినా, వైరు ముందు తగిలించినా పెట్టె సరిగ్గా చూపించాలి, చూపించలేదు, లోపం నేను రాసిన భాగంలో ఉంది, సోమవారం సవరించాను, రిజిస్టరులోని అంకెలు సరైనవి, శనివారం పంపిన నివేదికనూ, ఈ మనిషి గురించి నోటిమాటగా చెప్పిన దాన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. పుస్తకంలోని నాలుగో పేజీని సాకుగా చూపవద్దని కూడా రాయబోయి, అది ఎక్కువవుతుందని మానేశాడు. సంతకం చేశాడు.

ప్రమీలారాణి చదివి, ఫ్యాక్స్ కాగితాన్ని తీసి దీని కింద పెట్టి గుండుసూది గుచ్చింది. “చింపెయ్యడానికి లేదు,” అంది. “కానీ పైన ఇదుంటుంది.”

ముసలయ్యను పిలిచి, విచారణ నోటీసు రద్దయిందనీ ఈ వానాకాలం ముగిసేదాకా పెట్టెతో పాటు రిజిస్టరు కూడా నడవాలనీ చెప్పింది. అతను నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. బస్టాండు దాకా ఇద్దరూ కలిసి నడిచారు. అతను థాంక్స్ చెప్పలేదు. చెప్పనందుకు ఇద్రీస్‌కు తేలికగా ఉంది.

“వానాకాలం అయినంక?” అన్నాడు ముసలయ్య.

“తెల్వదు పెద్దయ్యా. పెట్టె ఇప్పుడు మంచిగ నడుస్తది. అదే భయం.”

“నాకు గూడ అదే అనిపించింది. బాగు జెయ్యకుంటే దొంగనైత, బాగు జేస్తే పని లేనోన్నైత.” నవ్వాడు. “రెండోదే నయ్యం. ఊళ్లె ముఖం సూపియ్యొచ్చు.”

బస్సు కోసం నిలబడ్డాక మళ్లీ అడిగాడు. “మీరు ఆ దినం అరుగు పక్కకెల్లి పోయిండ్రు. నేను సూసిన. రిజిస్టరు దిక్కు సూసి ముఖం గట్లెందుకు బెట్టిండ్రో అప్పుడు సమజ్ గాలే.”

“అడగకపోయినవా?”

“మీరడుగుతరేమో అనుకున్న.”

కంపెనీ నుంచి గురువారం ఫోన్ వచ్చింది. పన్నెండు చోట్ల పని ఆగింది. ఇద్రీస్‌తో ఒప్పందం సంవత్సరం చివరిదాకా ఉంటుంది, ఆ తర్వాత చూద్దామన్నారు. అతను సరేనన్నాడు. కింద రెహమాన్ అడిగితే అంతా చెప్పాడు. రెహమాన్ కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే విన్నాడు. “మరి ఆ ముసలాయన దగ్గరికి మళ్ల ఎప్పుడు పోతున్నవ్?” అన్నాడు.

“పనేం లేదక్కడ.”

“పనున్నదా అని అడగలే.”

సోమవారం పొద్దున పదిన్నరకు ఇద్రీస్ గట్టు మీద ఉన్నాడు. రెండు రోజులుగా వాన లేదు. నీళ్లు తేటగా ఉన్నాయి. కన్నమ్మ చాయ ఇచ్చింది, ఈసారి మూడు గ్లాసులు తెచ్చింది. ముసలయ్య పాత బ్యాటరీ తీశాడు, కొత్తది పెట్టాడు, తెర వేశాడు. చేతులు తుడుచుకుని జోడించాడు. సున్నా. వంగి వైరు తగిలించాడు. పావుగంటకు లైటు మెరిసింది. సున్నా పోయి 3.8 వచ్చింది.

ముసలయ్య దాని వైపు చూడలేదు. గంటయింది కనుక రిజిస్టరు చంకన పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు. ఇద్రీస్ చెప్పులు విడిచి వెనకే దిగాడు. మెట్లు పాచి పట్టి ఉన్నాయి. రాతి దగ్గర నీళ్లు పాదాల మీది నుంచి చల్లగా పోతున్నాయి. ముసలయ్య వంగి చూశాడు, ఒక అల పోనిచ్చి మళ్లీ చూశాడు. మూడు మీద ఎనిమిదో గీత. జేబులోంచి పెన్ను తీసి రాశాడు.

ఇద్రీస్ దగ్గరికి జరిగి గడిలోకి చూశాడు. సిరా కింద పెన్సిలుతో 3.5 ఉంది.

“మూడున్నర అనుకుంటి,” అన్నాడు ముసలయ్య. “తప్పిన.”